తడి చెంప

ఏమన్నావ్? మీ నాన్న రక్తమా? నిన్న నీ పెద్దపిల్ల మీద చెయ్యెత్తితే అదా నీకు తోచింది? కూర్చో తల్లీ. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు పీట మీద కూర్చో. రక్తంలో ఏమీ లేదు. మీ తాత చీమ కుట్టినా ఊదేసి వదిలేసేవాడు. మా అమ్మ నోరు పెద్దదే గానీ చెయ్యి లేచేది కాదు. మరి మా తమ్ముడికి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే... చెప్తాను. మీ పెద్దమ్మకి కూడా చెప్పని మాట.

కోత మిల్లులో నేను మేస్త్రీని. మీ నాన్నకి ఇరవై ఏళ్లప్పుడు వాణ్ణి నేనే అక్కడ పనిలో పెట్టాను. రంపం తిరుగుతుంటే పక్కవాడి మాట వినబడదు, అన్నం డబ్బా తెరిస్తే నిండా రంపపు పొట్టు. ఓనరుకి ఒక కుర్చీ ఉండేది, లేస్తే కిర్రు, కూర్చుంటే కిర్రు. అదొక తమాషా. ఆ, ఏం చెప్తున్నాను? నేను తాగను, బూతు మాట ఆడను, అందరికంటే ముందొస్తాను. కాబట్టి నేను మంచివాణ్ణనుకునేవాణ్ణి. ఎవడైనా దుంగ పాడుచేస్తే కేకలెయ్యను. రంపం ఆపించి, "ముఖం కడుక్కుని రా" అనేవాణ్ణి, మెత్తగా. వాడు తొట్టి దగ్గర పొట్టంతా కడుక్కుని వచ్చి నిలబడేవాడు. అప్పుడు కొట్టేవాణ్ణి. తడి చెంప కదా, మిల్లంతా వినబడేది. అందరూ నవ్వేవాళ్లు, మీ నాన్న ఇంకా ఎక్కువ. ఓనరు కిర్రుమని లేచి, "పని చేయించడమంటే వీణ్ణి చూసి నేర్చుకోండ్రా!" అనేవాడు. నేర్చుకున్నాడు మరి, మీ నాన్న. నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి, మేస్త్రీ పని వాడికిచ్చారు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు, మీ నాన్న చేతిలో ఒక కూలివాడు పోయాడు. తెలియంది కోర్టులో జరిగింది. సాక్షి మిల్లువాడే. "ముందు ముఖం కడుక్కుని రమ్మన్నాడండీ. వాడు కడుక్కొచ్చి, తప్పు నాది కాదు అన్నాడండీ. అంతే, పక్కనున్న చెక్క తీసుకుని తల మీద..." జడ్జిగారు రాస్తూ రాస్తూ ఆగారు. "ముఖం కడుక్కోమనడం దేనికి?" ఆ సాక్షి నా చేత రెండుసార్లు చెంపదెబ్బ తిన్నవాడు. నా వైపు చూశాడు. "తెలీదండీ" అన్నాడు. బోనులోంచి మీ నాన్న కూడా నన్నే చూశాడు. నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. బయటికొచ్చాక చుట్టాలంతా, "పుట్టుకతోనే అంత, వాడి రక్తమే చెడ్డది" అంటుంటే నేను తలూపాను. వాడు జైల్లో పోయినప్పుడూ ఊపాను. నువ్వు ఆ మాట వింటూ పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

నాకు మా పాత మేస్త్రీ నేర్పాడని చెప్పుకోవచ్చు. చెప్పను. కొట్టిన చెయ్యి నాది. నీ చెయ్యీ నీదే, దాన్ని రక్తం మీదకి నెట్టకు. నిన్న నువ్వు కొడుతుంటే పక్కన ఇంకెవరైనా చూశారా? చిన్నదా?... ఏడవకు తల్లీ. లే, లేచి ముఖం క...

వద్దు. కూర్చో. ఇదిగో, ఈ తువ్వాలు తీసుకో.