చంకలో వెచ్చబడ్డ కత్తి

అట్లా ఊపకే రాగ్నా, కత్తి వెలగడం మాట దేవుడెరుగు, నా కాఫీ కప్పు పగిలేట్టుంది. ఏమైందిటా? ఇంట్లో వెలిగింది, కొండ మీద రిహార్సల్‌కి పోతే ఆరిపోయింది, అంతేనా? హుఁ. గొట్టం మార్చారు, బల్బులు మార్చారు, దీని బుద్ధి మాత్రం మార్చలేకపోయారు. ఏడవకు. రెండు నెలల చీకటి తర్వాత రేపు కదా సూర్యుడొచ్చేది, ఇంకా బోలెడు టైముంది. ఇట్లా తే. పిడి మాత్రం అదే, చూశావా, ఈ గాటు బోర్గ్‌హిల్డక్క స్క్రూడ్రైవర్‌ది. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. చేపల రేవు వెనకాల క్షౌరశాల ఉండేది ఆవిడకి. ఆడవాళ్ళ జుట్టు, మగవాళ్ళ జుట్టు, ఒక్కోసారి కుక్కల జుట్టు కూడానూ. నేను అక్కడ తలలు కడిగేదాన్ని. అక్కకి నోరు పెద్దది. "ఈ ఊళ్ళో నా అంత చెయ్యి తిరిగిన మనిషి లేదు, ఉంటే చూపించండి" అనేది, మనిషి తల సబ్బు నురగలో ఉండగా. కాదనడానికి నోరు తెరిస్తే నురగ లోపలికి పోయేది. డ్రయ్యర్ చెడిపోతే తనే విప్పేది. మనిషిని పిలవొచ్చు కదా అంటే, "నేనేమన్నా పశువునా?" అనేది.

సరే, కత్తి. దీన్ని మొదట చేసింది ఒడ్వార్. పడవ కాప్టెన్, ఇంతేసి భుజాలు, సూర్యుడొచ్చే రోజు ఆడే ఆటలో ప్రతి ఏడూ వీరుడు వాడే. వాళ్ళ నాన్న కూడా వీరుడే. తారు గుడ్డ కప్పుకున్న చీకటిని తరిమి బండి మీద కూచున్న సూర్యుణ్ణి విడిపించేది వాళ్ళ వంశమే అన్నట్టు ఉండేవారు. సూర్యుడి వేషం మాత్రం ఆడపిల్లకి. బంగారు కాగితం తలకి చుట్టుకుని, పళ్ళు కటకటలాడుతుంటే నవ్వుతూ కూచోవాలి. అక్కని ఒక ఏడు అడిగారు. "కదలకుండా కూచుని మెరవడానికి నేనేమన్నా దీపస్తంభాన్నా?" అంది. అదీ మనిషి. ఏం చెప్తున్నాను? ఆఁ, ఒడ్వార్ కత్తికి బల్బులు పెట్టాడు. గొట్టం నిండా టార్చిలైటు బల్బులు, పిడిలో బ్యాటరీలు. హాల్లో చూపిస్తే ఊరంతా చప్పట్లు. కొండెక్కగానే గుడ్డి. చీకటి వేషగాడు పాపం ఎంతసేపు భయపడతాడు, ఆరిపోయిన గొట్టం చూసి? పిల్లలు పకపకా నవ్వారు. మరుసటి ఏడు కూడా అంతే. ఒడ్వార్ కొత్త బ్యాటరీలు కొనడం, కొత్త బల్బులు కొనడం, మళ్ళీ తిట్టుకోవడం.

అప్పుడు అక్క షాపులోకి తెమ్మంది. "జుట్టు కత్తిరించేదానికి కరెంటు సంగతేం తెలుసు" అన్నాడు వాడు. అక్క ఏమందో తెలుసా? "నీ చెవి పక్కన రోజూ కరెంటు పట్టుకుని తిరిగేది నేనేగా, చెవి ఉందిగా ఇంకా?" అంది. బల్లమీద విప్పింది. ముందు బ్యాటరీ తీసుకుని ఒక్కో బల్బుకీ తిన్నగా ఆనించింది. అన్నీ వెలిగాయి. "బల్బుల తప్పు లేదు, పక్కన పెట్టు యోరున్" అంది నాతో. తర్వాత వైరు పట్టుకుని పిడి దగ్గర కదిపింది, మిణుకుమంది. స్విచ్చి దగ్గర అతుకు ఊడింది, ఊపినప్పుడల్లా వైరు లాగి లాగి. మళ్ళీ అతికి, వైరుకి కాస్త వదులిచ్చి ముడేసింది, లాగినా అతుకు మీద పడకుండా. వైరు కూడా దారప్పోగులా ఉందని పారేసి పాత డ్రయ్యర్ వైరు వేసింది. ఇంక భేషుగ్గా వెలుగుతోంది. నేను సంతోషపడ్డాను. అక్క పడలేదు. "నాలుగు గోడల మధ్య ఎప్పుడూ వెలిగింది. వెలగంది బయట" అని దాన్ని గుమ్మం బయట మంచులో నిలబెట్టి కాఫీ పెట్టమంది. తాగి వెళ్ళి చూస్తే పిల్లి కళ్ళ కంటే తక్కువ వెలుగు. బ్యాటరీలు ఊడదీసి స్వెట్టర్ లోపలికి చంకలో పెట్టుకుంది, ఇంకో కప్పు తాగింది, మళ్ళీ వేసింది. భగ్గుమంది! ఒడ్వార్‌ని పిలిచి "బ్యాటరీలు ఎక్కడ దాస్తావు?" అనడిగింది. "ఇంకెక్కడ, ఎండుచేపల కొట్లో. చల్లగా ఉంటే ఏదీ చెడదుగా" అన్నాడు. కొన్నప్పట్నించీ కొట్లో, ఆ రోజు పొద్దున్నించీ కొండమీద మంచులో! పుట్టిందగ్గర్నించీ చేపల్ని దాచిన బుర్ర, ఇంకెట్లా ఆలోచిస్తుంది?

అప్పుడు అక్క బ్యాటరీలకి ఉన్ని సంచీ అల్లి, ఒక స్వెట్టర్ లోపల రొమ్ము కింద కుట్టి, అక్కణ్ణించి వైరు స్వెట్టర్ చేతి గుండా మణికట్టు దాకా తెచ్చింది. ఒంటి వేడికి అవి చల్లబడవన్నమాట. బాగుంది కదా? ఆ రోజు కొండమీద ఒడ్వార్ ఆ స్వెట్టర్ తొడుక్కోబోతే తల దూరింది, భుజాలు దూరలేదు. "ఇదెవరి కొలత?" అని అరిచాడు. "నాది. కుట్టేటప్పుడు అక్కడున్న ఒళ్ళు నాదే మరి" అంది అక్క, ఏమీ ఎరగనట్టు. సరే, వైరు లాగి వాడి పాత కోటులోకి మారుద్దామని చూశారు. వాడు చెయ్యెత్తగానే వైరు చాలక పిడి దగ్గర ఊడొచ్చింది, చెయ్యి అంత పొడుగు. అవతల కొండ అంచు ఎర్రబడుతోంది. "వీరుడు ఎప్పుడూ మగవాడే" అన్నాడు కమిటీ పెద్దాయన. అక్క ఏమందనుకున్నావ్? "చీకటి కూడా ఎప్పుడూ ఉన్నదే. దాన్ని తరుముతున్నాం కదా?" అప్పుడు గుంపులోంచి ఒడ్వార్ పెళ్ళాం గున్‌లౌగ్, ఎప్పుడూ నోరెత్తని మనిషి, "ఇవ్వవయ్యా ఆవిడకి! నువ్వు స్వెట్టర్‌తో కుస్తీ పట్టేదాకా సూర్యుడు ఆగుతాడా?" అంది. ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. ఇచ్చాడు. ఇచ్చి, అది చెప్పాలి, చీకటి వేషగాడి పక్కకెళ్ళి వాడి తారు గుడ్డ కొస పట్టుకున్నాడు, గాలికి ఎగరకుండా.

అక్క సంచీ, వైరు మళ్ళీ స్వెట్టర్లో సర్ది, తొడుక్కుని, పిడికి తగిలించి చెయ్యెత్తింది. ఆ నీలం మసకలో, అబ్బ... పిల్లలు ఈసారి నవ్వలేదు. మీ అమ్మ నా భుజం మీద ఉంది, నా జుట్టు పట్టుకు లాగేసింది. అక్క చీకటిని ఏం తరిమిందే, ఆ గుడ్డలో వాడు నిజంగానే పరిగెత్తాడు, ఒడ్వార్ని ఈడ్చుకుంటూ! ఆ మరుసటి ఏడు వేషం ఎవరికని ఎవరూ అడగలేదు. స్వెట్టర్ ఎవరికి సరిపోతే వాళ్ళకి, అంతే. అట్లా వేషం నీ దాకా వచ్చింది.

ఇదిగో, నీది కూడా అంతే, బల్బులు బాగున్నాయి, అతుకు బాగుంది. గొట్టం మార్చినవాళ్ళు స్వెట్టర్ సంగతి మరిచారు, నువ్వు బ్యాటరీలు పిడిలో పెట్టి కొండెక్కావు. ఆ పెట్టె తెరువు. కింద, దుప్పటి కింద. ఆఁ, అదే. తొడుక్కో. కాస్త గుచ్చుకుంటుంది, ఓర్చుకో. సంచీలో వెయ్యి. వైరు లాగుతోందా? చెయ్యెత్తు. ఇంకా. ఇంకా పైకే, సిగ్గెందుకు? సరిగ్గా ఉంది కదూ, అక్క చెయ్యే. నొక్కు.

...

అమ్మో, కళ్ళు జిగేల్మన్నాయి, ఆర్పు ఇంక. రేపు సూర్యుడొచ్చాక పంచే బన్నులకి పిండి నానబెట్టావా లేదా?