షెడ్డులో మోగిన బండి

జోయలూ, నా చిట్టోడా, నీ సంగతి చెప్పడానికే ఈ రోజు ఆత్మకూరు కోర్టుకు వచ్చాను.

నా పేరు హన్నమ్మ. భర్త శీనయ్య, ఇప్పుడు లేడు. వయసు నలభై తొమ్మిది. కూలి పని. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. చనిపోయిన జోయల్ నా ఒక్క కొడుకు. ఇరవై నాలుగేళ్లు.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకు జోయల్ ఉప్పు ప్యాకెట్టు కోసం రోడ్డు దాటి అంగడికి పోయాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ట్రాక్టరు మోత వినబడింది. మా వెనక వీధి రాజమోహన్ బండి అనుకున్నాను. తర్వాత దెబ్బ చప్పుడు. బండి ఆగింది. తోలేవాడు "అయ్యో, చచ్చినాన్రా" అన్నాడు. చచ్చింది వాడు కాదు. నేను బయటికి వచ్చేలోగా బండి పోయింది.

మర్నాడు రాజమోహన్ ఒక ట్రాక్టరును స్టేషన్‌లో పెట్టించాడు. అతని దగ్గర పనిచేసే కామయ్య "నేనే తోలినాను" అని ఒప్పుకున్నాడు. ఆ బండిని పక్కకు జరిపేటప్పుడు విన్నాను. అది వేరే బండి. అదే కంపెనీ, అదే రంగు, మోత కూడా అంతే పెద్దది. గొంతు మాత్రం వేరు. దానిది నున్నటి మోత. నా బిడ్డను కొట్టిన బండికి మోత అడుగున గరగర ఉంటుంది, అడుగంటిన గిన్నెను గరిటెతో గీకినట్టు. నేనూ జోయల్ అన్నానికి కూర్చుంటే, రోడ్డున పోయే బండి ఎవరిదో చూడకుండా చెప్పుకునేవాళ్లం. ఓడినవాళ్లు గిన్నెలు కడగాలి. "ఇది రాజమోహన్‌ది మా, పొగగొట్టానికి చిల్లి పడి ఉండాది" అని చెప్పింది వాడే.

ఎస్సై గారికి ఈ మాట చెబితే, "ఏందమ్మా, ట్రాక్టరు మోతలో తేడాలేంది?" అన్నారు.

"సారూ, మీ బిడ్డలు తలుపు అవతల నుంచి నాయనా అంటే, పిలిచింది ఏ బిడ్డో మీకు తెలీదా?"

"అది మనుషుల గొంతు. పోమ్మా."

సరే, మనుషుల గొంతే చెబుతాను. అయ్యో అన్నది కామయ్య కాదు. కామయ్యది చుట్టలకు బొంగురుపోయిన గొంతు. నేను విన్నది లేత గొంతు, రాజమోహన్ కొడుకుది. వాడికి లైసెన్సు లేదు, ఆ బండికి ఇన్సూరెన్సు లేదు. అందుకే బండినీ మార్చారు, మనిషినీ మార్చారు.

శనివారం మా ఇంట్లో ఆదరణ కూటం పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. నేను కళ్లు మూసుకుని ఉన్నాను. వెనక వీధిలో రాజమోహన్ షెడ్డులో బండి స్టార్టయింది. అదే గరగర. కొట్టిన బండి స్టేషన్‌లో ఉందన్నారే! ప్రార్థన మధ్యలో లేచి పరుగెత్తాను. రాజమోహన్ షెడ్డు తలుపు వేసి, "ఏమే హన్నమ్మా, మతి పోయినాదా నీకు? ఇంటికి పో" అన్నాడు.

నా మతి పోలేదు. నా బిడ్డ పోయాడు.

పొగగొట్టం మార్చేస్తే ఆ గొంతు ఇక దొరకదు. మార్చకముందే షెడ్డు తెరిపించండి. నా కళ్లకు గుడ్డ కట్టి రెండు బండ్లూ స్టార్ట్ చేయండి. ఏది ఏదో చెబుతాను.

ఇదంతా నా నోటితో నేను చెప్పిందే, ఎవరూ నేర్పలేదు. రాసింది చదివించుకుని విన్నాను, చెప్పినట్టే ఉంది. వేలిముద్ర వేస్తున్నాను.

ఇంకో మాట కూడా రాయండి. కామయ్య లాకప్పులో అన్నం ముట్టడం లేదని అతని భార్య వెంగమ్మ చెప్పింది. ఈ కాగితం అతనికి చదివి వినిపించండి. కామయ్యన్నా, నీ మీద కూడా నాకు కోపం ఉంది. అయినా ఆ గొంతు నీది కాదు. రేపు ఆ మాట నువ్వే చెప్పాలి, దానికి ఒంట్లో సత్తువ ఉండాలి. కడుపు నిండా అన్నం తిను.