ఆదివారపు గడ్డం

"కత్తి ఇటియ్యిన్రి సార్. ముందు కత్తి ఇటియ్యిన్రి, తర్వాత నన్ను తిడుదురు."

"గేటు తీసుకుని లోపలికి రమ్మని నిన్నెవరు పిలిచారు?"

"నెత్తురు కారుతున్నది. చెవి కింద."

"కారనీ. నా నెత్తురు. నీకేం?"

నాచారంలో తన ఇంటి వసారాలో, కిటికీ ఊచకు తగిలించిన అద్దం ముందు, చిదంబరం నురగ మొహంతో నిలబడి ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి గుమాస్తాగా వచ్చి ఈ కాలనీలోనే రిటైరయ్యాడు. అన్నేళ్ళూ ఆదివారం ఆదివారం తన సెలూన్‌లో అతని గడ్డం గీసింది, ఇప్పుడు గేటు తీసుకుని వచ్చిన ఈ సాంబయ్యే. వారం కిందట చిదంబరం కూతురు బిందుమాధవి, సాంబయ్య కొడుకు జీవన్‌ని వెంటబెట్టుకొచ్చి, తమకు పెళ్ళయి నెలలు గడిచాయని చెప్పి, నాగారంలో తీసుకున్న అద్దింటికి అతనితో వెళ్ళిపోయింది. ఆ తర్వాత చిదంబరం సాంబయ్య సెలూన్ గడప తొక్కలేదు. ఉప్పల్ వెళ్ళి, పాతకాలపు మడత కత్తి ఒకటి కొత్తది కొనుక్కొచ్చుకున్నాడు.

"కత్తి కొన్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరో అన్నరు."

"ఎవరో అంటే?"

"గల్లీల ముచ్చట సార్. ఏది దాగుతది?"

"ఏది దాగుతుందా? నా కూతురి పెళ్ళే దాగింది."

సాంబయ్య చెప్పులు విడిచి మెట్టు మీద నిలబడ్డాడు. పైకి రాలేదు, వెనక్కీ వెళ్ళలేదు.

"నా సెలూన్ తాన్కి రాకున్రి సార్, నేనేమనను. గడ్డానికి రేజర్ దొరుకుతది కద. ఈ ఉస్తరా కత్తి ఎందుకు?"

"రేజర్‌తో గీస్తే నాకు దద్దుర్లు లేస్తాయని ఇన్నేళ్ళూ నువ్వే కదా చెప్పావు? అదీ అబద్ధమేనా?"

"అది నిజమే సార్."

"ఏది నిజమో, ఏది కాదో నేనిప్పుడు ఎలా తేల్చుకోను?"

"జర కూసోన్రి. ఈ ఒక్కసారి నేను గీసి పోత."

"మళ్ళీ నా గొంతు నీ చేతిలో పెట్టమంటావా?"

"గట్లంటరేంది సార్..."

"నేర్పు. నేర్పేటట్టయితే ఉండు. నన్ను ముట్టుకోవద్దు. నాకు చేతనైన రోజు నుంచి ఈ గేటు తియ్యొద్దు."

సాంబయ్య ఒకసారి ఇంటి లోపలికి చూశాడు. ఒకసారి కత్తి వంక చూశాడు. కొత్త కత్తికి కొట్లో పెట్టే పదును గడ్డానికి పనికిరాదనీ, అందుకే తెగుతోందనీ, ముందు దాన్ని తోలు మీద నూరాలనీ చెప్పాడు. చిదంబరం కాసేపు ఆలోచించి కత్తి ఇచ్చాడు. సాంబయ్య సంచిలోంచి తోలుపట్టీ తీసి, ఒక కొస కిటికీకి కట్టి, కత్తిని వెన్ను వైపు నుంచి లాగుతూ, తిప్పుతూ చాలాసేపు నూరాడు. నూరడం అయిపోయింది. కత్తి మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇవ్వు."

"సార్, ఒక మాట."

"ఇవ్వమన్నానా? ఏం, భయమా? నేనేమన్నా చేసుకుంటాననా?"

"మీరే అన్నరు కద సార్."

"నేనా? ఏమన్నాను?"

"యాది లేదా? మీరు కుర్చీల ఉన్నరు. 'పిల్ల తనే ఎవర్నన్న చూసుకుంటే ఏం జేస్తరు సార్' అని అడిగిన. నా కత్తి మీ గొంతు మీదనే ఉన్నది. 'గొంతు కోసుకుంటా సాంబయ్యా, నీకు శ్రమ లేకుండా' అన్నరు."

"హాస్యానికన్నాను."

"నవ్వలే సార్ మీరు. కండ్లు గూడ తెరువలే. గట్లనే అన్నరు. ఇగ నేనేం జెప్పాలె?"

"చెప్పాలి. కోసుకుంటానో, కోసుకోనో అది నా బాధ. చెప్పడం నీ ధర్మం. ఇవ్వు కత్తి."

సాంబయ్య కత్తిని మడిచి, పిడి అతని వైపు ఉండేలా అందించాడు.

"మూడు వేళ్ళు ఈడ పెట్టున్రి. బొటనవేలు కింద. గుప్పిట పట్టొద్దు, వదులుగ. చెంప మీద పండబెట్టున్రి. ఇంకా. ఆ, ఇప్పుడు జరంత లేపున్రి."

"ఇంతేనా?"

"గంతే. కిందికి గుంజున్రి. బలం పెట్టొద్దు. కత్తి బరువే సాలు."

"ఆదివారం ఆదివారం కళ్ళు మూసుకుని నీ ముందు కూర్చున్నాను సాంబయ్యా."

"రెండో చెయ్యితోని చర్మం గుంజి పట్టున్రి."

"సైనిక్‌పురి సంబంధం సంగతి సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. నీకు చెప్పాను. పిల్లాడి ఫోటో నీకు చూపించాను. ఏమన్నావు?"

"మంచిగున్నడు అన్న."

"ఈడూజోడూ బాగుంటుంది సార్ అన్నావు. అప్పటికే పెళ్ళయిపోయిందా?"

"చర్మం వదిలిండ్రు సార్. వదులుగ ఉంటే తెగుతది."

"అయిపోయిందా?"

"అయింది."

"అయిన పెళ్ళిని కడుపులో పెట్టుకుని నా చెంపకు సబ్బు రాశావు."

"రాసిన సార్."

"నీ చెయ్యి వణకలేదా?"

"వణికిన రోజు మీ గడ్డం నేను గియ్యలే. జ్వరం అని ఇంటికి పోయిన. మీరు సాయంత్రం బత్తాయిలు పట్టుకొని సూడనీకి వచ్చిన్రు."

చిదంబరానికి ఆ సాయంత్రం గుర్తుంది. సాంబయ్య భార్య శారదమ్మ కుర్చీ వేసింది, తలెత్తి మాట్లాడలేదు. జీవన్ ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. కుర్రాడి మర్యాద చూసి ముచ్చటపడి, ఇంటికొచ్చి భార్య అరుణతో చెప్పాడు కూడా. ఇప్పుడది తలుచుకుంటే అందరికీ తెలిసి, తనొక్కడే తెలియక తిరిగిన ఇల్లులా అనిపించింది. కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది.

"కత్తి ఆనిచ్చినంక పక్కకు జరుపొద్దు సార్. కిందికే."

"నన్ను మోసం చేశావు, సరే. అరుణ నీకేం అపకారం చేసింది? ఆ మనిషి కూడా నాతో పాటే కదా విన్నది. వారం నుంచి ముద్ద దిగడం లేదు. వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంటోంది. పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. పెళ్ళయ్యాక కూడా నెలల తరబడి కూతురు ఈ ఇంట్లోనే తిన్నది, పడుకున్నది. మెడలో తాడు ఎక్కడ దాచిందో, కన్నతల్లికే తెలియలేదంటే..."

"దవడ కాడ పైలం సార్. ఎముక తగుల్తది."

"నేనేం మాట్లాడుతున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు?"

"గడ్డం గురించి సార్."

రెండో చెంప కూడా పూర్తయింది. చిదంబరం వేళ్ళతో తడుముకున్నాడు. నున్నగా వచ్చింది. అలవాటు కొద్దీ చూడమన్నట్టు చెంపను సాంబయ్య వైపు తిప్పాడు. సాంబయ్య చెయ్యి కూడా అలవాటు కొద్దీ లేచి, దారిలోనే ఆగిపోయింది. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు.

"బాగనే వచ్చింది సార్. గొంతు ఇయ్యాల వద్దు. రేపటికి."

"గీస్తాను."

"కొత్త చెయ్యి సార్. గొంతు కాడ వెంట్రుక అడ్డం తిరుగుతది."

"గీస్తానన్నానా? ఎప్పుడయింది పెళ్ళి?"

"మాఘంల."

"ఏ రోజు?"

"రోజు దేనికి సార్ ఇప్పుడు..."

"ఏ రోజు సాంబయ్యా?"

"ఆదివారం."

చిదంబరం అద్దంలోంచి కళ్ళు తీసి అతని వైపు తిరిగాడు.

"ఆదివారం పొద్దున నేను నీ కుర్చీలో ఉంటాను కదా."

"ఉన్నరు సార్."

"మాఘంలో... తలకు మాలిష్ చేస్తానన్నావే, ఆ రోజా? వద్దంటున్నా రంగు వేశావు. ఎండబెట్టాలి, కూర్చోండి అన్నావు. తొందరేముంది సార్ అని రెండోసారి చాయ్ తెప్పించావు."

"అవు సార్. ఆ రోజే."

"పెళ్ళెక్కడ?"

"కీసర దిక్కు. గుట్ట మీద గుడిల."

"మరి నువ్వు నా దగ్గర ఉన్నావుగా?"

"మీ తాన్నే ఉన్న."

"నీ కొడుకు పెళ్ళికి నువ్వు వెళ్ళలేదా?"

"పోలె సార్. శారద పోయింది. తాళి కట్టిండని ఫోన్ వచ్చేదాంక మీ తల ఒత్తుకుంట కూసున్న. ఒక్కడే కొడుకు సార్ నాకు."

గొంతు మీద నురగ ఆరిపోతోంది.

"ఎందుకు వెళ్ళలేదు?"

"నేను పోతే సెలూన్ బంద్ ఉంటుండె. మీరు ఇంటికి మర్లి పోతుంటిరి."

"పోతే? ఇంటికొస్తే నాకేం తెలుస్తుంది? బిందు ఆఫీసు పని ఉందని ముందే వెళ్ళిపోయింది. ఇంట్లో అరుణ తప్ప..."

సాంబయ్య తల వంచుకున్నాడు.

"ఇంట్లో అరుణ ఉంది కదా?"

"కత్తి కింద పెట్టున్రి సార్."

"నన్ను కూర్చోబెట్టమని నీకెవరు చెప్పారు? బిందునా?"

"కాదు."

"నీ కొడుకా?"

"కాదు సార్. కత్తి కింద పెట్టున్రి, మీకు దండం పెడత."

"ఎవరు?"

"మీరు చెప్పకండి అన్నయ్యగారూ."

మాట గుమ్మంలోంచి వచ్చింది. అరుణకుమారి ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో చిదంబరానికి తెలియదు. ఇన్నేళ్ళూ ఆమె అతన్ని సాంబయ్యా అనే పిలిచింది. వియ్యంకుణ్ణి పిలిచినట్టు పిలవడం తను వినడం ఇదే మొదటిసారి. అంత తడుముకోకుండా వచ్చిందంటే, తన చెవిన పడకుండా ఆ పిలుపు ఎన్నాళ్ళ నుంచో అలవాటై ఉండాలి. ఆమె వసారాలోకి వచ్చి, భర్త వేళ్ళ మధ్యలోంచి కత్తి తీసుకుని మడిచింది. అతను అడ్డు చెప్పలేదు.

"నువ్వు వెళ్ళావా అరుణా?"

"వెళ్ళానండీ. పీటల మీద మీ చోట ఎవరినీ కూర్చోనివ్వలేదు. నా పక్కన ఖాళీగానే ఉంచాను."