కెప్టెన్ని చంపిన బావ

కూర్చో, తల కొంచెం వంచు. ఆ గోడమీద ఫొటోనా? మా అక్క మొగుడు. ఈ కుర్చీ ఆయనదే. పోయి చాలా ఏళ్ళయింది గానీ పాతవాళ్ళెవరొచ్చినా నన్నొదిలేసి ఆ ఫొటోనే పలకరిస్తారు. ఆయనకి సైన్సు నవలల పిచ్చి. అలాగని సైన్సేమైనా వచ్చా అంటే, ఫ్యూజు పోతే అక్కే వేసేది. అద్దె పుస్తకాల షాపులో అట్టమీద రాకెట్టు బొమ్మ కనబడితే చాలు, చంకన పెట్టుకొచ్చేవాడు. అర్థమవుతుందా బావా అంటే, "మీ అక్క ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు, కాపురం చెయ్యట్లా?" అనేవాడు. మిగతా నవలల్లో అన్నీ అత్తాకోడళ్ళ తగువులేనట, వాటికి అద్దె దండగట, వెనక గదిలోకి వెళ్తే ఊరికే వినొచ్చట. మా కాపురాలన్నీ ఆ వెనక గదిలోనే కదా. చదివింది ఆయన కడుపులో దాగేది కాదు. కుర్చీలో ఎవరుంటే వాళ్ళకి చెప్పాల్సిందే. కథలో యుద్ధమొస్తే కత్తెర ఆగదు, రాకెట్టు దారి తప్పితే చెయ్యి గాల్లో నిలబడిపోయేది. జనం ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బుతో నోరు తెరుచుకుని చూసేవాళ్ళు.

ఏం చెబుతున్నా... ఆ, గొడుగాయన. ఈ ఇంటి ఓనరు. ఎండా వానా లేదు, గొడుగు చేతిలో ఉండాల్సిందే. మందుల షాపువాడికి ఇస్తున్నాను, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి అని చెప్పడానికొచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని గడ్డానికి కూర్చున్నాడు. అక్కడ చిక్కాడు. బావ చేతిలో అప్పుడు సగం చదివిన నవల ఉంది. కెప్టెనొకడు, వాడి రాకెట్టుకి ఇంటిదారి తెలీదు. గడ్డం అయింది గానీ కథ అవలేదు. రేపొస్తానన్నాడు. వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. నెలాఖరు దాటినా ఖాళీ మాట ఎత్తలేదు. ఈలోగా నవల అయిపోయింది. ఇక బావ సొంతంగా అల్లడం మొదలెట్టాడు. చదవడం వచ్చుగానీ అల్లడం ఎక్కడొచ్చు? ఒక వారం కెప్టెన్ చెయ్యి తెగిపోయేది, మరుసటి వారం చప్పట్లు కొట్టేవాడు. గొడుగాయన అద్దంలోంచి ఓ చూపు చూస్తే, "ఆ గ్రహంలో మొలుస్తాయండి" అనేవాడు.

ఒకరోజు గొడుగాయన గొంతుమీద కత్తి ఆడిస్తూ, ఊపులో బావ కెప్టెన్ని చంపేశాడు. అద్దంలో గొడుగాయన మొహం చూశాక గానీ ఏం చేశాడో తెలిసిరాలేదు. అయితే అయిపోయినట్టేగా అని ఆయన లేచి, తాళాలకి రేపు మనిషిని పంపుతానని వెళ్ళిపోయాడు. అక్క తల బాదుకుంది. "మనకింత కూడు పెట్టేవాణ్ణి చంపుకున్నావు. వెళ్ళి లేపు వాణ్ణి" అంది. తెల్లారగానే బావ వాళ్ళింటికి పరిగెత్తి గుమ్మంలోనే చెప్పాడట, చచ్చింది వాడు కాదండీ, వాడి పోలికలతో చేసిన మరమనిషి, అసలువాడు ఇంజను గదిలో నిద్రపోతున్నాడు అని. "ఆ ముక్క నిన్ననే చెప్పొద్దూ, నాకు నిద్ర లేదు" అన్నాడట ఆయన. సైన్సు నవలల్లో అదే నాకిష్టం అనేవాడు బావ. వేరే కథల్లో చచ్చినవాడు చచ్చినట్టే, వీటిలో ఏదో ఒక దొడ్డిదారి ఉంటుందట.

పాపం, జ్వరమొచ్చినప్పుడు తనకి ఏ దొడ్డిదారీ దొరకలేదు. ఆయన పోయాక కొన్నాళ్ళకి గొడుగాయన వచ్చాడు. తాళాలకే అనుకున్నాం. లోపల అక్క గిన్నెలు మూట కడుతోంది. ఆయన వచ్చి ఈ కుర్చీలో కూర్చుని, నన్ను చెప్పమన్నాడు. నాకు కథలల్లడం రాదండీ అన్నా.

"మీ బావకి మాత్రం వచ్చా?" అన్నాడు. "ఏదో ఒకటి చెప్పు. రాకెట్టుని మాత్రం ఇంటికి చేర్చకు."

...

చెవి మడిచి పట్టుకో. ఇక్కడ కత్తెర వంకర పోయింది.