డాట్సన్‌కు బేరమాడిన సుధారాణి

అట్లా ఈడ్చొద్దు నరసింహులన్నా! బంపర్‌కా కొక్కెం తగిలించేది? ఊడి చేతికొస్తాది. వంగి చూడు, లోపల లావు కడ్డీ ఉంటాది, దానికి వెయ్యి. చెడిన కార్లు మోసే ఈ రికవరీ బండి తోలబట్టి పదేండ్లంటివే, ఈ మాత్రం తెలీదా?

సరేలే, కోప్పడొద్దు. మన రాయచోటి పక్కోనివని గదా నీ మీద అరిచేది, ఇంకెవరి మీద అరుస్తా? ఈ కబ్ద్ ఎడారిలో నాకున్నది మేకలు, నన్ను పనికి పెట్టుకున్న బాబా, ఈ కారు. ఈ పొద్దుతో కారు గూడా పాయ.

చూడన్నా, ఎంత పొడుగు ముక్కో దానికి! యాభై ఏండ్ల డాట్సన్. బాబా పడుచుతనంలో కొన్నాడంట. నేనొచ్చినప్పుడు దీంట్లో కోళ్లు గుడ్లు పెట్టేటివి. నన్ను తెచ్చింది మేకలకే. అతీఖ్ ఉస్తాద్ అని పెషావర్ మెకానిక్కు వస్తాంటే స్పానర్లు అందించేటోన్ని. ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నా. తుప్పు గీకినాం, రేకు కొత్తగా అతికినాం, వెడల్పు చక్రాలు పట్టాలని రెక్కలు బయటికి లాగినాం. పాత ఇంజన్ తీసి, జపాన్‌దే ఆరు సిలిండర్లది తెప్పించినాం. అంతలో ఉస్తాద్ వాళ్ల దేశం పాయ. దాన్ని కూర్చోబెట్టింది, పలికించింది నేనే. పదో తరగతి తప్పినోన్ని!

పలికిన పొద్దు ఏడ్చినానన్నా. నవ్వుతాండావా? నవ్వు.

ఇప్పుడు కొన్నాయన, ఆ జహ్రా ఊరాయన, ఏమన్నాడో విన్నావా? ఇంజన్ చెడిపోయింది కదా, పీకి పారేస్తా, నాకు బాడీ చాలు అన్నాడు. పారేస్తాడంట! రేపే అంట!

చెడిందని బాబానే చెప్పినాడు. మోకాళ్లు వంగక, ఇంత కిందికుండే సీట్లో కూర్చోలేక అమ్ముకుంటాండాడు గానీ దాచిపెట్టి అమ్మే మనిషి గాదు. లోపల ఏదో శబ్దముందని మా శివ చెప్పినాడు అని అడిగినోళ్లందరికీ ముందే చెప్పేసినాడు. శివ అంటే నేనే.

ఉండుండు, నీ బండి వించి తాడుతో లాగితే పొట్ట రేకుకు రాసుకుంటాది. నేనే తోలి ఎక్కిస్తా. జరుగు.

విన్నావా?

ఏందట్లా చూస్తావు? ఇంజన్ ఇంత నున్నగా పలికితే చెడిన శబ్దం యాడుందని కదా? రా, ఈ నీడకు కూర్చో. బాబా సాయంత్రం అసర్ నమాజులో ఉండాడు. వచ్చి కాగితాలు చేతిలో పెడితే నువ్వు పోతావు. అంతలోపల చెప్తా.

ఫోటోలు తీసి అమ్మకానికి ఫోన్‌లో పెట్టింది నేనే. బాబా ఫోన్ ఎత్తడని నా నంబరే ఇచ్చినా. అబ్బ, ఎన్ని ఫోన్లు! పండగొచ్చినా మోగని ఫోనన్నా నాది!

ఒక పొద్దు ఆడమనిషి చేసె. అరబ్బీలో, సయ్యారా, అంటే కారు, ఉందా, గేర్లెట్లుండాయి అని. నేను నాకొచ్చిన అరబ్బీలో తడుముకుంటాంటి. ఆమె తనలో తాను, "ఈ మగోనికి గేరుకూ గాడిదకూ తేడా తెలిసినట్టు లేదే" అనె. తెలుగు! మన పక్క తెలుగు!

"తెలుసులేమ్మా. గేర్లు అయిదు, గాడిద ఒకటే, అది నీతో మాట్లాడతాండాది" అంటి.

నవ్వింది చూడూ... అట్లాంటి నవ్వు విని ఎన్నేండ్లయిందో.

సుధారాణి అంట. గాలివీడు పక్క. ముబారక్ అల్ కబీర్‌లో ఇంటి పని. వాళ్ల మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, కొడుక్కు తెలీకుండా కారు కొనిద్దామని చూస్తాండాది. పరాయి మగోనితో తాను మాట్లాడకుండా ఈ యమ్మితో మాట్లాడిస్తాది. ఫోన్ గూడా మామాదే. మామా పక్కనే కూర్చోని చాయ్ తాగుతాంటాది.

మేమేం చేసేటోళ్లమో తెలుసునా? బేరం గొంతు పెట్టుకోని ఇంటి సంగతులు మాట్లాడేది! "మీ పక్క వాన పడిందా, క్లచ్చు?" అని గట్టిగా అడుగుతాది. "చెనిక్కాయ విత్తినారంట, బ్రేకులు" అంటా నేను. "రాగి సంగటి కలలోకి వస్తాందబ్బా, రేడియేటరూ!" అని కసురుతాది. మామా ఏమో, బలే గట్టిగా బేరమాడతాండావే అని మెచ్చుకునేదంట!

మనిషి ఎట్లుంటాదో నాకు తెలీదన్నా. చూసిందే లేదు. ఈ సీట్లో కూర్చోనే మాట్లాడేటోన్ని. ఫోనొచ్చే టయానికి పక్క సీటు తుడిచి పెట్టేటోన్ని... ఊరికేలే. ముబారక్ అల్ కబీర్ నుంచి సముద్రం ఎంత దూరమన్నా? దగ్గరేనా? నేను ఈ కారు తోలింది ఆ గేటు దాకనే.

నెల దాటింది. మామాకు కారు నచ్చింది. రేపు బేరం ఖలాస్ చేస్తామని చెప్పింది సుధారాణి. ఖలాస్ అంటే? ఇంక ఫోన్లు ఉండవు. "ఉండు, లోపల ఏదో శబ్దమొస్తాండాది, చూసి చెప్తా, రేపు చెయ్యి" అనేస్తి.

ఒక్క రోజు కోసమన్నా! ఇంకొక్క ఫోన్ కోసం!

మర్సటి రోజు చేసింది. క్లచ్చు, బ్రేకు ఏమీ అనలే. మెల్లిగా, "నిజంగా శబ్దముందా శివా? నీ మాట మీద మామాకు చెప్తా" అనె. లేదు అంటే ఆ పూటే బేరం ముగుస్తాది.

ఉంది అంటి.

"బేరం చెడగొట్టినావని నీ కఫీల్‌కు, ఆ బాబాకు, తెలిస్తే ఈడుండనిచ్చే నీ ఇఖామా కాగితం ఏమవుతాదో తెలిసి గూడా నాకు నిజం చెప్పినావు. ఏడేండ్లాయ నేనీడికొచ్చి. ఇట్లాంటి మనిషిని చూళ్లేదబ్బా. చల్లగుండు" అనె. మామాకు వద్దని చెప్పేసింది.

అంతే. బేరం లేనప్పుడు ఆమె ఎందుకు చేస్తాది? మామా ఫోన్‌కు నేనెట్లా చేస్తా? ఆ సాయంత్రం బాబా అడిగినాడు, వాళ్లెందుకు వద్దన్నారని. అదే అబద్ధం ఆయనకూ చెప్తి. ఇంకేం చెప్పేది?

ఇప్పుడు చెప్పమంటావా? బాబాకా?

చెప్తే ఇంజన్ బతుకుతాది. నిజమే. రెండు మాటల పని. తిడతాడు, కొడతాడు, దేశం పంపిస్తాడు, అది గాదన్నా నా భయం. బాబా మంచోడు గదా, నా ఫోన్ తీసుకోని ముందు ఆ మామాకే చేస్తాడు. కారు బాగుందమ్మా, మావోడు అబద్ధమాడినాడు, తప్పైంది అంటాడు. మామా అప్పుడే సుధారాణిని పిలిచి ఆ మాటే చెప్తాది.

నేను ఎన్ని సార్లు షెడ్డు కాడి నుంచి ఆయన గది దాకా పోయి వచ్చినానో నీకేం తెలుసు?

అదో, బాబా వస్తాండాడు. లెయ్యన్నా, చక్రాలకు బెల్టులు వెయ్యి. నువ్వేమీ అనొద్దు, నీ బిడ్డల మీదొట్టు. పీకితే పీకుకోనీ. ఇనుమే గదా.

ఈ దేశంలో నన్ను మంచోడనుకునే మనిషి ఆ యమ్మి ఒక్కతే అన్నా. ఆమెనన్నా అట్లే అనుకోనీ.