గేటు మూసే మనిషి

వేల్స్ కొండపల్లెలో మంగళవారం ఆరోగ్య నడక మొదలవబోతుండగా, భార్య పోయాక గడప దాటని ముసలాయన వచ్చి బృందాన్ని నడిపించే ఆవిడని నిలదీశాడు.

"మీ నడకతో ఊళ్లో మనసులు కుదుటపడ్డాయో లేదో గానీ, నా క్యాబేజీలు గొర్రెల కడుపులో పడ్డాయమ్మా. పొలం గేటు మూసే దిక్కే లేదా మీలో?"

"అందరికంటే వెనక నడిచేవాళ్లు మూయాలి పెద్దాయనా. అది మీ ఆవిడ ఎనిడ్ చూసుకునే పని."

"తను పోయి ఆర్నెల్లయింది. ఇంకెవరూ దొరకలేదా?"

"అందరూ ముందు నడుస్తామనేవాళ్లే. మీరు రాకూడదూ?"

"పళ్లికిలిస్తూ నడవడం నావల్ల కాదు."

"వెనకుంటే మీ మొహం ఎవరు చూస్తారు?"

ఆయన కాసేపు గొణుక్కున్నాడు.

"క్యాబేజీల కోసమే వస్తున్నా, గుర్తుంచుకో."

"ఇంకా ఎన్ని మిగిలాయేమిటి?"

"ఒక్కటీ లేదు. నడువు."