కొండచిలువ మింగిన నలభై మేకలు

ఒపోలోట్ నోరు తెరిస్తే అబద్ధానికే ముచ్చెమటలు పడతాయి. ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి రాగుల కల్లు అమ్ముకునే అమోంగిన్ వాకిట్లో కుండ చుట్టూ చేరి, పొడుగాటి గొట్టాలు నోట్లో పెట్టుకుని వాడి కోతలు వింటారు.

ఈ ఆదివారం మాత్రం అమోంగిన్‌కి నవ్వు రావడం లేదు. ఆమెతో కలిపి, మొగుడు పోయిన నలభై మంది ఆడవాళ్లకి తలా ఒక ఆడమేక అని సర్కారు పంపింది. పంచే కమిటీకి చైర్మన్ ఎవరయ్యా అంటే, ఈ ఒపోలోటే. మేకలు లారీ దిగి మూడు నెలలు. ఆమె ఆశపడి కట్టుకున్న దడిలో కోళ్లు కాపురం పెట్టాయి. ఒక్క మేక చేతికొస్తే నాలుగేళ్లలో మంద అవుతుంది, ఈ వయసులో కట్టెలు మోసి కల్లు కాచే చాకిరీ తప్పుతుంది. నిలదీస్తే వాడు తీర్మానం, సంతకం అంటూ జారుకుంటాడు. అందుకే ఆమె కుండలోని పులిసిన రాగిముద్దలో వేడినీళ్లు పోస్తూ మెల్లగా మాట కదిపింది.

"తమ్ముడూ, మేకల్ని కొండచిలువ మింగిందంటున్నారే?"

"అంటున్నారేంటక్కా, నా కళ్లముందే మింగితే!" ఒపోలోట్ ఒక గుక్క పీల్చి మూతి తుడుచుకున్నాడు. "మామూలు పామే, నా చెయ్యంత లావు. ఒక్క మేకని పట్టింది. ఛీ పో అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉన్నవాటన్నిటినీ వరసగా నిలబెట్టి మరీ మింగింది!"

"మేకలు వరసలో నిలబడ్డాయా?" అన్నాడు ముసలి ఎక్వారు.

"సర్కారు మేకలు పెద్దాయనా! క్యూ నేర్చుకునే వచ్చాయి."

దడి అవతల వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఒపోలోట్‌కి ఇంకా ఊపొచ్చింది.

"నలభై మింగాక చూడాలి దాన్ని! తోక బోరింగు దగ్గర, తల బడి దగ్గర. కొత్త పిల్లాడనుకుని మాస్టారు పేరడిగి హాజరు కూడా వేశాడు. మధ్యలో వీపుందా, దానిమీద ఓ మోటార్‌సైకిలువాడు పోతూపోతూ ఆగి, ఇన్నాళ్లకి మనూరికి నున్నటి రోడ్డేశారని భోరున ఏడ్చాడు, పాపం, సంతోషంతో!"

"అమ్మో!" అమోంగిన్ ఇంకో చెంబుడు వేడినీళ్లు పోసింది. "అంత పామంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే. పరిగెత్తే ఉంటావు."

"పరిగెత్తానా? నేనా?" గొట్టం వదిలేసి లేచాడు ఒపోలోట్. "దాని నోట్లోకి దూరానక్కా! లోపల కటిక చీకటి. టార్చి వేశాను. నలభై మేకలూ తీరిగ్గా కూర్చుని నెమరేస్తున్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాయి."

"చైర్మన్ వచ్చాడు కదా మరి," అన్నాడు ఎక్వారు.

"అదే! అక్కడే మీటింగు పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాము పొట్టకి లోపల్నించి చక్కిలిగింతలు పెట్టాను. అది ఒకటే నవ్వు! నవ్వితే నోరు తెరవాలిగా? బిలబిలా బయటికొచ్చాయి. నలభై పోతే నలభై రెండొచ్చాయి, రెండు లోపలే ఈనాయి!"

"ప్రాణాలతోనే?" అంది అమోంగిన్.

"గిట్ట అరగలేదు! పిల్లల్లా నా వెనకాలే నడుచుకుంటూ సరాసరి మా బావమరిది దొడ్లోకి..."

వాడు నాలుక కరుచుకున్నాడు. అందరూ గొట్టాలు వదిలేసి వాడివైపు తిరిగారు. అమోంగిన్ చెంబు కింద పెట్టింది.

"ఏదో సరదాకి కోశానక్కా," అన్నాడు ఒపోలోట్ నీళ్లు నములుతూ. "పాము లేదు, ఏం లేదు."

"పాము లేకపోతే నా మేకని ఎవరూ మింగలేదు. ఉంటే నువ్వే కాపాడావు. ఎటు చూసినా నా మేక బతికే ఉంది తమ్ముడూ." ఆమె నడుముకి చుట్టుకున్న తాడు విప్పింది. "మూడు నెలలుగా ఇది కట్టుకునే తిరుగుతున్నా. పద, దొడ్డి చూపించు."

దడి అవతల వేరుశనక్కాయ తొక్కలు దులుపుకుని ముప్పై తొమ్మిది మంది లేచారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు.

"చూశావా చైర్మన్," అన్నాడు ఎక్వారు, గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకుంటూ, "వీళ్లకీ క్యూ వచ్చు."